కాగ్నిటివ్ సైన్స్ ఎమ్మెస్సీ: ఒక ప్రశ్న చుట్టూ రెండేళ్ల చదువు

మనిషి ఎలా చూస్తాడు, ఎలా వింటాడు, దేన్ని గుర్తుంచుకుంటాడు, భాష ఎలా నేర్చుకుంటాడు, నిర్ణయం ఎలా తీసుకుంటాడు అన్నవి కాగ్నిటివ్ సైన్స్ పరిశీలించే విషయాలు. వీటి గురించి ఆలోచించడం కొత్తేమీ కాదు. ఆ ఆలోచనను ప్రయోగం పెట్టి పరీక్షించవచ్చని, కంప్యూటర్ ప్రోగ్రాముగా రాసి నడిపి చూడవచ్చని పట్టుబట్టడమే ఈ శాస్త్రం తెచ్చిన కొత్తదనం. దీని పుట్టినరోజు 1956 సెప్టెంబరు 11 అని జార్జ్ మిల్లర్ తర్వాతి కాలంలో రాశారు. ఆ రోజు ఎంఐటీలో జరిగిన సమాచార సిద్ధాంత సదస్సులో అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ తర్క సిద్ధాంతాలను నిరూపించే ప్రోగ్రాము గురించి చెప్పారు. నోమ్ చామ్‌స్కీ వ్యాకరణ నమూనాల గురించి, మిల్లర్ తాత్కాలిక జ్ఞాపకానికి ఉన్న హద్దు గురించి మాట్లాడారు. ఈ మూడు ప్రసంగాలవీ వేరు వేరు శాఖలు, కానీ అవి వెతుకుతున్నది ఒక్కటే. 1977లో ‘కాగ్నిటివ్ సైన్స్’ పత్రిక, 1979లో కాగ్నిటివ్ సైన్స్ సొసైటీ వచ్చాయి. ఈ మధ్యలో, 1978లో, స్లోన్ ఫౌండేషన్ కోసం తయారైన నివేదిక సైకాలజీ, భాషాశాస్త్రం, తత్వశాస్త్రం, కంప్యూటర్ సైన్స్, న్యూరోసైన్స్, మానవశాస్త్రం అనే ఆరింటినీ ఒక షడ్భుజి మూలల్లో పెట్టి చూపించింది.

ఎమ్మెస్సీలో చేరే విద్యార్థికి ఆ షడ్భుజి వల్ల వచ్చే చిక్కు మొదటి వారంలోనే తెలుస్తుంది. ఆరింటిలో ఏ డిగ్రీతో వచ్చినా మిగిలిన అయిదింటికీ అతను కొత్తవాడే. ఆరూ సమానంగా నేర్పే విభాగం కూడా దాదాపు ఎక్కడా లేదు. ఆరు శాస్త్రాలు కలిసి ఒకే శాస్త్రం కావాలన్న తొలినాటి ఆశ నెరవేరలేదని, ఆచరణలో సైకాలజీ పాలే ఎక్కువైపోయిందని రఫాయెల్ నూన్యెస్, ఆయన సహరచయితలు 2019లో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’ పత్రికలో వాదించారు. ఆ వాదనను పూర్తిగా ఒప్పుకోనక్కర్లేదు గానీ అందులోని హెచ్చరిక విద్యార్థికి పనికొస్తుంది. అన్నిటిలో కొంచెం కొంచెం తెలిసి, దేనిలోనూ పని చేసి చూపించలేని స్థితిలో రెండేళ్లు గడిచిపోవడమే ఈ డిగ్రీలో అసలు ప్రమాదం. వెడల్పు ఎలాగూ పాఠ్యప్రణాళికే ఇస్తుంది. లోతును మాత్రం విద్యార్థే ఎంచుకోవాలి. ఒక ప్రశ్న పట్టుకుని, దానికి సరిపడే ఒక పద్ధతిని బాగా నేర్చుకుని, మిగతా శాస్త్రాలను ఆ ప్రశ్న దగ్గరికి రప్పించుకోవడమే ఈ డిగ్రీని సద్వినియోగం చేసుకునే దారి.

ఎవరికి ఏది లోటు

ఇంజనీరింగ్ నుంచి వచ్చినవాళ్లకు ప్రోగ్రామింగ్, గణితం కష్టం కావు. వాళ్లకు కొత్తవి రెండు: ప్రయోగాన్ని రూపొందించడం, వాదనను పేరాలుగా రాయడం. కంప్యూటర్ నమూనా ఫలితం బాగుంటే మనసు గుట్టు తెలిసిపోయినట్టే అనుకోవడం వీళ్లలో తరచు కనిపించే పొరపాటు. నమూనా ఎన్ని సరైన జవాబులు ఇచ్చిందన్న దానికన్నా, మనిషి తప్పు చేసే చోటే అదీ తప్పు చేస్తోందా, మనిషికి ఆలస్యమయ్యే చోటే దానికీ కష్టమవుతోందా అన్నది ముఖ్యం.

సైకాలజీ విద్యార్థులకు ప్రయోగం అంటే ఏమిటో తెలుసు. కానీ గణాంకాలను మెనూల్లో బటన్లు నొక్కి తేల్చే అలవాటు ఇక్కడ చాలదు. ఆర్ లేదా పైథాన్‌లో తమ విశ్లేషణను తామే రాసుకోవాలి. ప్రాబబిలిటీ, మాత్రికలు మళ్లీ ఇంటర్ పుస్తకం నుంచి మొదలుపెట్టినా తప్పులేదు. భాషాశాస్త్రం వాళ్లు ఉదాహరణ వాక్యాల మీద నడిచే వాదన నుంచి, పదుల మంది ఇచ్చిన వేల జవాబుల మీద నడిచే వాదనకు అలవాటు పడాలి. జీవశాస్త్రం, వైద్యం చదివినవాళ్లకు మెదడు భాగాలు బాగా తెలుసు. ఫలానా పని ఫలానా భాగంలో జరుగుతుందని చెప్పినంత మాత్రాన ఆ పని ఎలా జరుగుతుందో చెప్పినట్టు కాదని వాళ్లు గుర్తుంచుకోవాలి. తత్వశాస్త్రం నుంచి వచ్చేవాళ్లు తక్కువే అయినా, ప్రశ్నను పదును పెట్టడంలో తరగతికి వాళ్లే ఎక్కువ మేలు చేస్తారు.

చేరడానికి ముందు దొరికే నెలల్లో పైథాన్ మొదటి మెట్లు, ప్రాబబిలిటీ, ఒక పరిచయ గ్రంథం చాలు. పాల్ థగార్డ్ పుస్తకం చిన్నది, హోసె లూయిస్ బెర్ముడెజ్‌ది విస్తారమైనది. రెండిట్లో ఒక్కదాన్నైనా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలి. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇంగ్లీషు పరిశోధన వ్యాసాలు మొదట భారంగానే ఉంటాయి. ప్రతి వ్యాసం చదివాక తెలుగులో నాలుగే వాక్యాలు రాసుకుంటే ఆ భారం త్వరగా తగ్గుతుంది: ప్రశ్న ఏమిటి, ఏం చేశారు, ఏం తేలింది, ఎక్కడ నమ్మకం కుదరలేదు. నాలుగో వాక్యం రాయలేకపోతే వ్యాసం ఇంకా అర్థం కానట్టే. ఇది ఇంగ్లీషు మీడియం వాళ్లకూ వర్తిస్తుంది.

చదివేటప్పుడు డేవిడ్ మార్ చేసిన విభజన బాగా తోడ్పడుతుంది. ఆయన పుస్తకం ‘విజన్’ 1982లో, ఆయన మరణానంతరం వచ్చింది. ఏ మానసిక ప్రక్రియనైనా మూడు స్థాయిల్లో అడగవచ్చని మార్ చెప్పారు. బస్టాండు రద్దీలో ఎవరో తన పేరు పిలిస్తే మనిషి చటుక్కున తిరిగి చూస్తాడు. కలగలిసిన శబ్దాల్లోంచి ఒక గొంతును విడదీయడమనే సమస్య ఏమిటి, దాన్ని ఎందుకు పరిష్కరించాలి అన్నది మొదటి స్థాయి. ఏ పద్ధతిలో, ఏ దశల్లో పరిష్కారమవుతోందన్నది రెండోది. ఆ దశలను ఏ నాడీకణాలు నడుపుతున్నాయన్నది మూడోది. ఇద్దరు పరిశోధకులు వాదులాడుకుంటున్నట్టు కనిపించినప్పుడు, వాళ్లు ఒకే స్థాయిలో మాట్లాడుతున్నారా అని ముందు చూడాలి. చాలాసార్లు మాట్లాడరు.

ఎక్కడ చదవాలి

భారతదేశంలో అలహాబాద్ విశ్వవిద్యాలయంలోని సెంటర్ ఆఫ్ బిహేవియరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ 2002 నుంచి ఉంది. గాంధీనగర్, ఢిల్లీ ఐఐటీలు కాగ్నిటివ్ సైన్స్‌లో ఎమ్మెస్సీ నడుపుతున్నాయి. కాన్పూర్ ఐఐటీలో ఈ శాస్త్రానికి ప్రత్యేక విభాగమే ఉంది. తెలుగు విద్యార్థికి ఇంటికి దగ్గరలో రెండున్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ ఎమ్మెస్సీ ఇస్తుంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలోని కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్‌లో పరిశోధన ప్రధానమైన ఎమ్మెస్ చేయవచ్చు. ప్రవేశ పరీక్షలు సంస్థను బట్టి, ఏడాదిని బట్టి మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటనే ప్రమాణం. ఏ డిగ్రీ వాళ్లయినా రాసేలా పెట్టే పరీక్షల్లో తర్కం, ప్రాథమిక గణితం, చదివి అర్థం చేసుకునే శక్తి చూస్తారు. ఇంటర్వ్యూలో మాత్రం విద్యార్థికి నిజంగా ఒక ప్రశ్న ఉందా లేదా అన్నది అయిదు నిమిషాల్లో బయటపడుతుంది.

విదేశాల్లో ఎడిన్‌బరా ఎమ్మెస్సీ ఒక్క ఏడాదే. వేసవి అంతా పరిశోధన వ్యాసానికి పోతుంది. కొత్త శాస్త్రం వంటబట్టడానికి ఆ వ్యవధి చాలామందికి తక్కువ. జర్మనీలోని ఓస్నాబ్రుక్ విశ్వవిద్యాలయం ఇంగ్లీషులో రెండేళ్ల మాస్టర్స్ ఇస్తుంది. అది ఉన్న లోయర్ సాక్సనీ రాష్ట్రంలో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ రుసుము కడితే చాలు. అదే జర్మనీలోని బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివాళ్లు సెమిస్టర్‌కు 1500 యూరోలు కట్టాలి. వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్, ల్యుబ్లియానా వంటి నగరాల విశ్వవిద్యాలయాలు కలిసి ఒక ఉమ్మడి మాస్టర్స్ నడుపుతున్నాయి. ప్యారిస్‌లో ఎకోల్ నార్మాల్ సుపీరియర్ తోడుగా నడిచే కాగ్‌మాస్టర్‌కు మంచి పేరుంది. అమెరికా లెక్క వేరు. అక్కడి మంచి విభాగాలు చాలావరకు నేరుగా పీహెచ్‌డీలోకి, జీతభత్యాలతో తీసుకుంటాయి. విడిగా మాస్టర్స్ సీట్లు తక్కువ, ఖర్చు ఎక్కువ.

డిగ్రీ పేరు చూసి చేరడం కన్నా అధ్యాపకుల జాబితా చూసి చేరడం మేలు. గత రెండు మూడేళ్లలో వాళ్లు ప్రచురించిన వ్యాసాలు, అక్కడి విద్యార్థులు చేసిన ప్రాజెక్టుల శీర్షికలు తీసి చదివితే ఆ విభాగం నిజంగా దేని మీద పనిచేస్తోందో తెలిసిపోతుంది. విద్యార్థి ప్రశ్నకు దగ్గరగా పనిచేసేవాళ్లు ఇద్దరైనా ఉండాలి. ఒక్కరే ఉండి, వాళ్లు సెలవులోనో వేరే చోటికో వెళ్తే రెండో ఏడాది చిక్కుల్లో పడుతుంది.

గణాంకాలు: అందరికీ ఉమ్మడి భాష

మిగతా ఏ పాఠం తప్పించుకున్నా గణాంకాల పాఠం తప్పించుకోవడానికి వీల్లేదు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా ఎక్కువ కాదు. 2015లో ‘సైన్స్’ పత్రికలో ఒక పెద్ద బృందం సైకాలజీలోని 100 అధ్యయనాలను తిరిగి చేసి చూసింది. మూల వ్యాసాల్లో 97 శాతం సార్థకమైన ఫలితం చూపగా, తిరిగి చేసినప్పుడు 36 శాతమే చూపాయి. దీనికి మోసం కన్నా చిన్న నమూనాలు (శాంపిళ్లు), ఫలితం బాగున్న విశ్లేషణనే రాయడం ప్రధాన కారణాలని చాలామంది భావిస్తారు.

విద్యార్థి ప్రాజెక్టులో ఇదే ముప్పు ఎలా వస్తుందో లెక్కతోనే చూడవచ్చు. రెండు గుంపుల మధ్య ఓ మోస్తరు తేడా ఉందనుకుందాం, అంటే సగటుల మధ్య దూరం ప్రామాణిక విచలనంలో సగం. ఆ తేడాను 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే ఒక్కో గుంపులో 64 మంది కావాలి. ‘గుంపుకు ఒక ఇరవై మంది స్నేహితులు చాలు’ అని మొదలుపెడితే, తేడా నిజంగా ఉన్నా దాన్ని పట్టుకునే అవకాశం మూడింట ఒక వంతే. తేడా ఇంకా చిన్నదైతే, విచలనంలో అయిదో వంతైతే, ఒక్కో గుంపుకు దాదాపు 400 మంది అవసరమవుతారు. అదే మోస్తరు తేడాను ఒకే మనిషిని రెండు పరిస్థితుల్లోనూ పరీక్షించి చూస్తే మొత్తం 34 మంది సరిపోతారు. అందుకే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు రెండు గుంపుల పోలిక కన్నా ఒకే మనిషిలో రెండు పరిస్థితుల పోలిక చాలాసార్లు తెలివైన ఎంపిక.

ఈ లెక్క డేటా సేకరణకు ముందే చేయాలి. ఊహ ఏమిటో, ఎంతమందిని తీసుకుంటారో, ఏ విశ్లేషణ చేస్తారో ముందే తేదీతో నమోదు చేసుకోవడం ఇప్పుడు చాలా ల్యాబుల్లో అలవాటైంది. మొదటి సెమిస్టర్‌లోనే మిశ్రమ ప్రభావాల నమూనాలు (మిక్స్‌డ్ ఎఫెక్ట్స్ మోడల్స్) నేర్చుకున్న విద్యార్థికి తర్వాతి మూడు సెమిస్టర్లు తేలికవుతాయి. భాష మీద పనిచేసేవాళ్లకు ఇవి తప్పనిసరి, ఎందుకంటే అక్కడ మనుషులే కాదు, ఎంచుకున్న పదాలు కూడా ఒక నమూనానే (శాంపిలే).

పరికరాల మోజు

మెదడు స్కానర్ల బొమ్మలు చూసి ఈ చదువు వైపు వచ్చేవాళ్లు ఎక్కువ. నిజానికి ప్రశ్న పరికరాన్ని ఎంచుకోవాలి. మెదడును స్కాన్ చేసే ఎఫ్‌ఎంఆర్‌ఐ కొలిచేది రక్తప్రసారంలో మార్పును. ఆ మార్పు ఉద్దీపన తర్వాత అయిదారు సెకన్లకు గానీ శిఖరానికి చేరదు. ‘ఎక్కడ’ అన్నదానికి అది మంచిది. ‘ఎప్పుడు’ అన్నదానికి తల మీది ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్ సంకేతాలు కొలిచే ఈఈజీ మేలు, అది మిల్లీసెకన్ల లెక్కలో చెబుతుంది. వాక్యం చివర అర్థానికి పొసగని మాట వస్తే దాదాపు 400 మిల్లీసెకన్ల దగ్గర వచ్చే తరంగాన్ని మార్టా కూటాస్, స్టీవెన్ హిల్‌యార్డ్ 1980లో కనిపెట్టింది ఈఈజీతోనే. చదివేటప్పుడు కన్ను ఒక్కో చోట సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు ఆగుతుంది. ఆ విరామాలను లెక్కించడానికి ఐ ట్రాకర్ కావాలి. వీటిలో ఏదీ లేకున్నా, ఉచితంగా దొరికే సైకోపై లాంటి సాఫ్ట్‌వేర్‌తో, ఒక మామూలు కంప్యూటర్‌తో స్పందన సమయాలు కొలిచి మంచి పరిశోధన వ్యాసం రాయవచ్చు.

ఈఈజీ ఎంచుకుంటే ఇక్కడి పరిస్థితులకు తగ్గ జాగ్రత్తలు ఉన్నాయి. తలకు నూనె ఉంటే ఎలక్ట్రోడ్లకు సంకేతం సరిగా అందదు. ముందురోజే తలస్నానం చేసి, నూనె రాసుకోకుండా రమ్మని పాల్గొనేవాళ్లకు చెప్పాలి. ఒత్తైన జడలున్నవాళ్లకు టోపీ అమర్చడానికి ఎక్కువ సమయం పడుతుంది. అది ఇబ్బందిగా ఉందని వాళ్లను పక్కన పెట్టేస్తే నమూనాలోంచి ఆడవాళ్లే తగ్గిపోతారు.

ప్రశ్న పరిశోధనగా మారే తీరు

‘అవధానుల జ్ఞాపకశక్తి గొప్పది’ అన్నది ప్రశ్న కాదు, ప్రశంస. దాన్ని పరిశోధనగా మలచడం ఎలాగో చూస్తే ఈ చదువు స్వభావం తెలుస్తుంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులుంటారు. పద్యాలు ఆవృత్తికి ఒక్కో పాదం చొప్పున నడుస్తాయి. నిషిద్ధాక్షరి అడిగేవారు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతారు, అప్రస్తుత ప్రసంగి ఏకాగ్రతను చెదరగొడతారు, అవధాని ఇవన్నీ దాటి చివరికి అన్ని పద్యాలనూ ధారణ చేస్తారు. ఇంత జరిగాక అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ జ్ఞాపకం దేనికైనా పనికొచ్చే విశాలమైన శక్తా, లేక ఛందస్సులో ఒదిగిన మాటలకే పరిమితమైన నైపుణ్యమా?

సాహిత్యంలో ఇందుకు ఆనవాళ్లున్నాయి. విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ 1973లో చదరంగం నిపుణులను పరీక్షించారు. నిజమైన ఆటలోని బలగాల స్థితిని అయిదు సెకన్లు చూసి నిపుణులు ఎంతో ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. బలగాలను అడ్డదిడ్డంగా పేర్చితే ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. 1980లో ఎరిక్‌సన్, చేజ్, ఫలూన్ ప్రచురించిన అధ్యయనంలో ఒక కాలేజీ విద్యార్థి సుమారు 230 గంటల సాధనతో, విన్న అంకెలను వరుసగా అప్పజెప్పగల పరిమితిని 7 నుంచి 79కి పెంచుకున్నాడు. అంకెల బదులు అక్షరాలు ఇస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు.

దీన్నిబట్టి ప్రయోగం రూపు కడుతుంది. మూడు రకాల సామగ్రి కావాలి: ఛందోబద్ధమైన కొత్త పద్య పాదాలు, అవే మాటలను గణాలు చెదిరేలా మార్చిన పాదాలు, అంకెల వరుసలు. జ్ఞాపకశక్తి మొత్తంగా పెద్దదైతే మూడింటిలోనూ మామూలు వాళ్లకన్నా ముందుండాలి. ఛందస్సే ఊతమైతే మొదటిదానిలోనే ముందుంటారు. అవధానుల సంఖ్య తక్కువ కాబట్టి గుంపుల పోలిక కుదరదు. కొద్దిమందితో, ఒక్కొక్కరితో చాలాసార్లు పరీక్ష పెట్టే పద్ధతి ఎంచుకోవాలి, లేదా పద్యనాటక నటుల వంటి పెద్ద సమూహానికి మారాలి. పోల్చేవాళ్లు వయసులో, చదువులో వీళ్లకు దీటుగా ఉండాలి. వాడే పద్యం ముందే తెలిసినదై ఉండకూడదు. ఇలా ఒక్కో అభ్యంతరాన్నీ ముందే ఊహించి మూసేయడంలోనే ఎమ్మెస్సీ పరిశోధనలో సగం పని, సగం ఆనందం ఉన్నాయి.

ఆ తర్వాతవి ఓపికతో చేయాల్సిన పనులు. సంస్థ నైతిక సంఘం అనుమతికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, కాబట్టి మూడో సెమిస్టర్ మొదట్లోనే దరఖాస్తు ఇవ్వాలి. సమాచార పత్రం, సమ్మతి పత్రం పాల్గొనేవాళ్లకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. ఇంగ్లీషు పత్రాన్ని మాటకు మాటగా అనువదిస్తే అది ఎవరికీ అర్థం కాదు. అసలు సేకరణకు ముందు అయిదారుగురితో నమూనా పరీక్ష జరిపి, సూచనలు ఎక్కడ తికమక పెడుతున్నాయో చూడాలి.

తెలుగు తెలిసిన పరిశోధకుడికి ఉన్న అవకాశం

ప్రపంచ కాగ్నిటివ్ సైన్స్‌లో పరీక్షలకు కూర్చున్నవాళ్లు ఎక్కువ మంది పాశ్చాత్య, విద్యావంత, సంపన్న సమాజాలవాళ్లేనని జోసెఫ్ హెన్రిక్, మరో ఇద్దరు 2010లో ఎత్తిచూపారు. ఆ లోటును పూడ్చే పని హైదరాబాద్‌లో జరిగిందన్నది తెలుగు విద్యార్థి తప్పక తెలుసుకోవాల్సిన విషయం. సువర్ణ అల్లాడి, సహ పరిశోధకులు నిమ్స్ ఆసుపత్రిలో డిమెన్షియాతో చికిత్స పొందిన 648 మంది రోగుల రికార్డులను పరిశీలించి 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. పాశ్చాత్య దేశాల్లో ద్విభాషులు చాలాసార్లు వలస వచ్చినవాళ్లు కావడంతో, తేడా భాష వల్ల వచ్చిందా, వలస వల్లా, చదువు వల్లా అన్నది తేలేది కాదు. తెలుగు, ఉర్దూ, హిందీ పుట్టుకతోనే పక్కపక్కన వినిపించే హైదరాబాద్‌లో ఆ ముడి కొంత విడిపోయింది. ద్విభాషుల ఆధిక్యం మీద చర్చ ఇంకా ముగియలేదు, వేరేచోట్ల చేసిన కొన్ని అధ్యయనాల్లో అది కనిపించలేదు. అందుకే ఇక్కడ చేయాల్సిన పని ఇంకా మిగిలి ఉంది.

తెలుగు లిపిలో అక్షరం, వత్తు, గుణింతం కంటికి ఎలా అందుతాయి, పొడవైన సంధి పదాన్ని పాఠకుడు ఎక్కడ విడదీస్తాడు, ఇంట్లో ఒక మాండలికం, బడిలో ఇంకో భాష వినే పిల్లవాడికి చదవడం ఎప్పుడు పట్టుబడుతుంది అన్నవన్నీ ఎమ్మెస్సీ స్థాయిలో చేయదగ్గ పనులే. ఇంగ్లీషుకు ఉన్నంత విస్తారమైన పద పౌనఃపున్య పట్టికలు, వయసువారీ ప్రమాణాలు తెలుగుకు లేకపోవడం అడ్డంకే. ఒక ప్రాజెక్టు కోసం తయారుచేసుకున్న పదజాబితాను డేటాతో సహా బహిరంగంగా పెడితే తర్వాత వచ్చేవాళ్లకు ఆ అడ్డంకి తగ్గుతుంది.

డిగ్రీ తర్వాత

ఉద్యోగాలు ఎక్కువగా యూజర్ రీసెర్చ్, డేటా విశ్లేషణ, భాషా సాంకేతికత, విద్యా రంగాల్లో దొరుకుతాయి. నియామకాల్లో డిగ్రీ పేరు కన్నా రాసిన కోడ్, పూర్తిచేసిన ప్రాజెక్టు మాట్లాడతాయి. ఈ డిగ్రీతో మానసిక చికిత్స చేయవచ్చన్న అపోహ ఉంది, అది పొరపాటు. భారతదేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే గుర్తింపు పొందిన కోర్సు చేసి, రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. ఆ వైపు వెళ్లాలనుకునేవాళ్లు మొదటే సైకాలజీ ఎంఏ దారి పట్టడం మంచిది. అధ్యాపక ఉద్యోగం ధ్యేయమైతే, యూజీసీ నెట్‌లో సైకాలజీ, భాషాశాస్త్రం, తత్వశాస్త్రం విడివిడి సబ్జెక్టులని గుర్తుంచుకుని, దేనిలో రాయాలో మొదటి ఏడాదిలోనే నిర్ణయించుకోవాలి.

పీహెచ్‌డీకి విదేశాలకు వెళ్లదలచినవాళ్ల గడియారం ముందుగా మొదలవుతుంది. అమెరికా విభాగాల గడువులు చాలావరకు డిసెంబరులో ముగుస్తాయి. అంటే రెండో ఏడాది మధ్యలోనే, ఎమ్మెస్సీ పరిశోధన వ్యాసం పూర్తికాకముందే దరఖాస్తు చేయాలి. అప్పటికి చూపించడానికి మొదటి వేసవి ప్రాజెక్టు నివేదిక ఉండాలి, విద్యార్థి పని దగ్గరగా చూసి సిఫారసు లేఖ రాయగల ఇద్దరు అధ్యాపకులు ఉండాలి. ఆ ఏర్పాటు మొదటి ఏడాది రెండో సెమిస్టర్‌లోనే జరగాలి.